కొరియా నవలల్లో ముఖ్యపాత్రలు ఎందుకు నోరు విప్పవు?

కృష్ణాతీరం
2024 అక్టోబరులో హాన్ కాంగ్‌కు నోబెల్ బహుమతి ప్రకటించిన తరువాత నేను వరుసగా నాలుగు కొరియా నవలలను ఇంగ్లీషులో చదివాను. వాటి గొప్పతనాన్ని కాదనను గానీ, నాలుగింటిలోనూ ఒకే సంగతి ఎదురై విసుగు పుట్టింది. 'శాకాహారి'లో మాంసం మానేసిన యొంగ్హే కథను మొదట ఆమె భర్త చెబుతాడు, ఆ తరువాత అక్క మొగుడి చూపులోనూ, చివరకు అక్క చూపులోనూ అది నడుస్తుంది. అదే రచయిత్రి, అంటే హాన్ కాంగ్, 1980 నాటి గ్వాంగ్జూ మారణకాండ మీద రాసిన 'హ్యూమన్ యాక్ట్స్'లో ప్రధాన పాత్ర అయిన బాలుణ్ణి 'నువ్వు' అని సంబోధిస్తారే తప్ప అతని చేత 'నేను' అనిపించరు. షిన్ క్యుంగ్సుక్ నవలలో సియోల్ స్టేషన్ దగ్గర తప్పిపోయిన తల్లిని పిల్లలూ భర్తా తలుచుకుంటారు. చో నామ్జూ రాసిన 'కిమ్ జియొంగ్, 1982లో పుట్టింది' అనే నవలలోనైతే ఆ ఇల్లాలి జీవితాన్ని ఆమెకు వైద్యం చేస్తున్న మగ డాక్టరు నమోదు చేస్తాడు. ఎవరి కథ వారి నోట వినిపించదు. ఇది ఆ రచయితలు ఒకరిని చూసి ఒకరు పట్టుకున్న పద్ధతా, లేక ఇంగ్లీషులోకి వచ్చేసరికి గొంతు పోయిందా?

అరసున్న
మా పిన్ని 'శాకాహారి'ని విజయవాడ పుస్తక ప్రదర్శనలో వంటల పుస్తకమనుకుని కొన్నది. అది కొనమన్నవాణ్ణి నేనే కనుక ఆవిడ మూడు నెలలుగా నాతో మాట్లాడటం లేదు. ముఖ్యపాత్ర నోరు విప్పకపోవడం కొరియాకే పరిమితం కాదని మనవి.

సువాన్_శారద
కృష్ణాతీరం గారు చెప్పినదాంట్లో రెండు పొరపాట్లు ఉన్నాయి. షిన్ క్యుంగ్సుక్ నవలలో నాలుగో భాగమంతా తల్లి తన సొంత గొంతుతో 'నేను' అంటూ మాట్లాడుతుంది. ముందు మూడు భాగాల్లో కూతురూ కొడుకూ భర్తా తమకు తెలుసనుకున్న మనిషి వేరు, నాలుగో భాగంలో మాట్లాడే మనిషి వేరు. ఆ తేడా చూపించడానికే రచయిత్రి ఆమెను అంతసేపు ఆపి ఉంచింది. 'శాకాహారి' మొదటి భాగంలో కూడా భర్త కథనం మధ్యలో వాలు అక్షరాలతో యొంగ్హే కలలు వస్తాయి. అవి ఆమె మాటలే. భర్తకు అవి వినిపించవు, పాఠకునికి మాత్రమే వినిపిస్తాయి.

అయితే ఆయన పట్టుకున్న విషయం మాత్రం నిజమే. 'హ్యూమన్ యాక్ట్స్'లో 1985 నాటి అధ్యాయాన్ని దయచేసి మరొకసారి చదవండి. అందులో ఒక ప్రచురణ సంస్థలో పనిచేసే అమ్మాయి ఉంటుంది. పోలీసులు వెతుకుతున్న అనువాదకుని ఆచూకీ చెప్పమని విచారణాధికారి ఆమెను ఏడుసార్లు చెంప మీద కొడతాడు. రోజుకొక దెబ్బ చొప్పున మరిచిపోవాలని ఆమె లెక్క పెట్టుకుంటుంది. ఆ సంస్థ అచ్చు వేయవలసిన నాటకం సెన్సారు కార్యాలయం నుంచి నల్ల సిరా పూసుకుని తిరిగి వస్తుంది. చివరకు ఆ నాటకాన్ని ఆడతారు. నిషేధించిన మాటలు వచ్చిన చోట నటులు గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రమే కదుపుతారు. ముందే రాతప్రతి చదివిన ఆ అమ్మాయి ఆ పెదవుల కదలికలోనే మాటలన్నీ పోల్చుకుంటుంది. మీ ప్రశ్నకు జవాబును రచయిత్రి ఆ రంగస్థలం మీదనే పెట్టిందని నా అభిప్రాయం.

ఎర్రమట్టి
శారద గారి మాటకు చరిత్ర నుంచి ఒక ఆధారం చేర్చవచ్చు. 1980 మేలో గ్వాంగ్జూ తిరుగుబాటును సైన్యం అణచివేసిన ఏడాదిలోనే సైనిక నియంత చొన్ దుహ్వాన్ ప్రభుత్వం దేశంలోని రెండు ప్రధాన సాహిత్య త్రైమాసిక పత్రికలను మూయించింది. వాటిలో ఒకటి 1966 నుంచి, రెండోది 1970 నుంచి వెలువడుతున్నాయి. నల్ల సిరా పూసిన పుటలు హాన్ కాంగ్ ఊహలో పుట్టినవి కావు.

పాతపుస్తకాలు
ఇక్కడ అందరూ 2007 తరువాతి నవలలనే మాట్లాడుతున్నారు. ఆధునిక కొరియా కథ వయసు వందేళ్ళు దాటింది. 1924లో హ్యోన్ జిన్‌గొన్ రాసిన 'అదృష్టం కలిసివచ్చిన రోజు' అనే చిన్న కథ ఉన్నది. సియోల్‌లో వాన కురుస్తున్న రోజున ఒక రిక్షా కూలీకి ఎన్నడూ లేనన్ని బేరాలు తగులుతాయి. ఇంట్లో జబ్బుపడిన భార్య ఎముకల పులుసు తాగాలని మూడు రోజులుగా అడుగుతూ ఉంటుంది. డబ్బు చేతిలో పడుతున్నకొద్దీ అతనికి ఇంటికి వెళ్ళడానికి భయం పెరుగుతుంది, అందుకని దారిలో స్నేహితునితో కూర్చుని తాగుతాడు. చివరకు పులుసు కొనుక్కుని ఇంటికి చేరి, పడుకున్న భార్యను తిడుతూ, నోరు అతుక్కుపోయిందా, మాట్లాడవేమని అరుస్తాడు. ఆమె అప్పటికే చనిపోయింది. మాట్లాడని మనిషి ముందు నిలబడి మాట్లాడమని అరవడం ఆ సాహిత్యంలో నిన్న మొన్న మొదలైనది కాదు.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ కూడా చెప్పాలి. కిమ్ యుజొంగ్ 1935లో రాసిన 'వసంతం, వసంతం' చదివితే మీ ఫిర్యాదు అక్కడికక్కడే పోతుంది. పిల్లనిస్తానన్న మాట మీద ఒక అమాయకుడు కాబోయే మామ ఇంట్లో మూడేళ్ళకు పైగా జీతం లేకుండా చాకిరీ చేస్తూ ఉంటాడు. పెళ్ళి ఎప్పుడని అడిగినప్పుడల్లా, పిల్ల ఇంకా పొడవు పెరగలేదని మామ వాయిదా వేస్తాడు. కథంతా ఆ అల్లుడే చెబుతాడు. గడ్డాలు పట్టుకుని కొట్టుకోవడం దాకా వెళ్ళే ఆ తగువును ఇల్లరికపు అల్లుళ్ళ కథలు వింటూ పెరిగిన మనం నవ్వకుండా చదవలేము. ఆ రచయిత 1937లో 29 ఏళ్ళకే క్షయతో పోయాడు. అతని సొంత ఊరిలోని రైల్వే స్టేషన్‌కు ఇప్పుడు అతని పేరే ఉన్నది.

కృష్ణాతీరం
నాలుగో భాగం సంగతిలో నాదే తప్పు. నిజానికి మూడో భాగం దగ్గర పుస్తకం పక్కన పెట్టి, మళ్ళీ తీసినప్పుడు హడావిడిగా ముగించాను. పాతపుస్తకాలు గారి అల్లుడి కథను తప్పక వెతుకుతాను. అయినా నా రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. పాత్రల గొంతు వినిపించని ఈ చల్లదనంలో అనువాదం వాటా ఎంత?

దుబాసీ_పెనుకొండ
పెనుకొండ దగ్గర కొరియా కార్ల కర్మాగారం వచ్చిన తరువాత నేను కొరియన్ నేర్చుకుని దుబాసీ పనిలో చేరాను. సాహిత్య విమర్శకుణ్ణి కాను గనుక నాకు తెలిసిన భాష సంగతి మాత్రమే చెబుతాను.

'శాకాహారి' ఇంగ్లీషు అనువాదం 2015లో వచ్చి, మరుసటి ఏడాది బుకర్ అంతర్జాతీయ బహుమతి పొందింది. కొరియాలో దాని మీద పెద్ద వాదమే జరిగింది. చేయి అనవలసిన చోట కాలు అని పడటం అందరూ చెప్పుకునే ఉదాహరణ. కొరియన్‌లో చేయి 'పల్', పాదం 'బల్'. అటువంటి తప్పులను తరువాతి ముద్రణలో దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనివి వేరే ఉన్నాయి. మనం రా, రండి, దయచేయండి అని మనిషిని బట్టి మార్చినట్టే వారు 'వా', 'వాయో', 'ఒషిప్షియో' అని క్రియ చివరను మారుస్తారు. ఎవరు ఎవరిని గౌరవిస్తున్నారో, ఎవరు ఎవరిని చులకన చేస్తున్నారో ప్రతి వాక్యం చివరా తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఈ మూడూ ఒకటే 'కమ్' అవుతాయి. వారు 'నా అమ్మ' అనరు, 'ఉరి ఒమ్మా' అంటారు. మనం 'మా అమ్మ' అన్నట్టే అది బహువచనం. క్రియ వాక్యం చివర రావడం, మిలమిల, గలగల వంటి జంట ధ్వనులు వేలకొద్దీ ఉండటం కూడా రెండు భాషలకూ ఉన్న పోలికలే. కాబట్టి మీకు తగిలిన చల్లదనంలో సగం ఇంగ్లీషు వంతెన మీద వీచిన గాలి అని నా అనుమానం. కొరియన్ నుంచి నేరుగా తెలుగులోకి తెస్తే ఆ పాత్రలు ఇంత మూగగా వినిపించవు.

సువాన్_శారద
సగం అనడం ఎక్కువని నాకు తోస్తున్నది. మూలంలో హాన్ కాంగ్ వాక్యం ఇంగ్లీషులో కంటే పొడిగా ఉంటుంది. ఆ అనువాదం మీద వచ్చిన ప్రధాన ఆక్షేపణ కూడా, లేని అలంకారం చేర్చారనే గాని, ఉన్న వెచ్చదనం తీసేశారని కాదు.

మాలతీలత
దుబాసీ గారి ఆశకు ఒక అడ్డంకి చూపిస్తాను. 'శాకాహారి' రెండో భాగంలో యొంగ్హేకూ ఆమె అక్క భర్తకూ మధ్య జరిగేది మీకు గుర్తుండే ఉంటుంది. కొరియన్‌లో ఆమె అతన్ని ఏమని పిలుస్తుంది?

దుబాసీ_పెనుకొండ
'హ్యొంగ్బు' అని పిలుస్తుంది. ఆడపిల్ల తన అక్క భర్తను పిలిచే మాట అది. అతనికి ఆమె 'చొజె', అంటే భార్య చెల్లెలు.

మాలతీలత
అంటే మనకు బావా మరదలూ అవుతారు. ఇంగ్లీషులో ఆ వరసలు లేవు గనుక అనువాదకురాలికి చిక్కు లేదు. తెలుగులో 'బావా' అని రాసిన మరుక్షణం పాటలూ సరసాలూ మేనరికాలూ అన్నీ పుట మీదికి వచ్చి కూర్చుంటాయి. మేనరికం మాట అటుంచి, ఒకే ఇంటిపేరు, ఒకే మూలగ్రామం ఉన్నవారి మధ్య పెళ్ళిని చట్టమే చాలాకాలం నిషేధించిన సమాజం అది. అక్కడ ఆ ఇద్దరి కలయిక కలిగించే దిగ్భ్రాంతి ఇక్కడ 'బావ' అన్న ఒక్క మాటతో పలచబడుతుంది. భాషలు దగ్గరగా ఉండటం అన్నిచోట్లా మేలు చేయదు.

ఎర్రమట్టి
మరదలితో సరసమాడినా, పెళ్ళయిన అక్క కాపురం కూల్చడాన్ని మన సమాజం మాత్రం ఎక్కడ ఒప్పుకున్నది? మాలతీలత గారు సినిమా బావలను తలుచుకుంటున్నారు.

మాలతీలత
ఒప్పుకోవడం వేరు, ఉలిక్కిపడటం వేరు. నేను రెండో దాని గురించే మాట్లాడుతున్నాను.

ఆ మాటకు వస్తే పుస్తకం పేరు కూడా అంతే. మన దగ్గర శాకాహారం కొన్ని కులాల ఇళ్ళలో పుట్టుకతో వచ్చేది, కొందరికి గొప్పగా చెప్పుకునేది. ఆ నవలలో అది కుటుంబం మొత్తానికీ ఎదురు తిరగడం. తండ్రి చెంప మీద కొట్టి కూతురి నోట్లో మాంసం కుక్కే దృశ్యంలో, ఆ తండ్రి వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడనీ, అక్కడ చంపినవారి లెక్కను గర్వంగా చెప్పుకుంటాడనీ గుర్తు పెట్టుకోవాలి. దక్షిణ కొరియా ఆ యుద్ధానికి మూడు లక్షలకు పైగా సైనికులను పంపింది. అందువల్ల అక్కడ మాంసం వద్దనడం ఆహారపు అలవాటుకు సంబంధించినది కాదు. ఆ అమ్మాయి వద్దంటున్నది ఆ చేతిని.

డల్లాస్_రాత్రి
మా అమ్మాయి చదివేవి ఇవేవీ కావు. పుస్తకాల షాపులు, కలలు అమ్మే దుకాణాలు, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే కొట్లు, అట్ట మీద ఒక పిల్లి. చదివితే మనసుకు ఊరట కలిగిస్తాయట. వీటిని మీరు కొరియా సాహిత్యంగా లెక్కించరా?

పాతపుస్తకాలు
లెక్కించకపోవడానికి నేనెవరిని? కాని ఒకటి చదివితే పది చదివినట్టే ఉంటుంది.

సువాన్_శారద
అన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కిమ్ హోయొన్ 2021లో ప్రచురించిన కొట్టు నవలను చూడండి. సియోల్ స్టేషన్‌లో నిద్రపోయే ఒక నిరాశ్రయుడు ఒక వృద్ధురాలు పోగొట్టుకున్న సంచీని తిరిగి ఇస్తాడు, ఆమె అతనికి తన కొట్టులో రాత్రి పని ఇస్తుంది. తాగి తాగి గతమంతా మరిచిపోయిన ఆ మనిషికి మాట కూడా తడబడుతుంది. కొట్టుకు వచ్చేవారు అతనికి తమ గోడు చెప్పుకుంటారు. కృష్ణాతీరం గారి జాబితాలో చేర్చుకోవడానికి ఇది ఐదో పుస్తకం. అయితే ఇక్కడ మౌనం ఊరటకు దారి తీస్తుంది, హాన్ కాంగ్ దగ్గర అటువంటి వెసులుబాటు ఉండదు.

ఎర్రమట్టి
ఊరట నవలలు చదివేవారికి చో సెహుయి 1978లో ప్రచురించిన 'మరుగుజ్జు' కథామాలను ఒక్కసారి చేతిలో పెట్టాలని ఉంటుంది. సియోల్‌లో స్వర్గం పేట, ఆనంద నగర్ అనే అర్థం వచ్చే పేర్లున్న ఒక వాడ ఉంటుంది. అక్కడ ఉండే మరుగుజ్జు ఇంటికి కూల్చివేత నోటీసు వస్తుంది. ఆ స్థలంలో కట్టే అపార్టుమెంటులో ఇల్లు తీసుకునే హక్కు కాగితం కూడా ఇస్తారు, కాని కట్టవలసిన డబ్బు లేక ఆ కాగితాన్ని దళారికి అమ్ముకోవలసి వస్తుంది. ఇల్లు కూల్చడానికి మనుషులు వచ్చేసరికి ఆ కుటుంబం భోజనానికి కూర్చుని ఉంటుంది. భోజనం ముగిసేదాకా వారు బయట నిలబడతారు, తరువాత గోడ పగలగొడతారు. ఎవరూ ఎవరి మీదా అరవరు. నేను హైదరాబాదులో ఇటువంటి నోటీసు అంటించిన బస్తీలో పదేళ్ళు అద్దెకు ఉన్నాను. అక్కడ అరుపులు తప్ప మరొకటి వినలేదు, అందుకే ఆ భోజనం దృశ్యం నాకు మొదట అబద్ధంలా తోచింది. రెండోసారి చదివినప్పుడు, నియంతృత్వం నడుస్తున్న ఏళ్ళలో ఈ రచయిత ఆ నిశ్శబ్దాన్ని కావాలనే ఎంచుకున్నాడని అర్థమైంది. అది 300 ముద్రణలు దాటిన పుస్తకం.

కృష్ణాతీరం
అంటే నోరు విప్పి మాట్లాడిన ఆధునిక నవలానాయకుడు ఒక్కడూ లేడా?

పాతపుస్తకాలు
ఉన్నాడు, ఒకే ఒక్క మాట మాట్లాడాడు. చొయ్ ఇన్‌హున్ 1960లో రాసిన 'గ్వాంగ్జాంగ్' నవలలో ఇ మ్యొంగ్జున్ అనే యువకుడు దక్షిణంలో పోలీసుల చేత దెబ్బలు తిని ఉత్తరానికి వెళతాడు, అక్కడ కూడా ఆశ విరిగి, కొరియా యుద్ధంలో యుద్ధఖైదీగా పట్టుబడతాడు. ఏ దేశానికి వెళతావో ఎంచుకోమన్నప్పుడు, అధికారులు ఎంత బతిమాలినా, ఎన్ని ఆశలు చూపినా, ప్రతి ప్రశ్నకూ 'తటస్థ దేశం' అని ఒకే జవాబు చెబుతాడు. ఆ తటస్థ దేశానికి అతన్ని తీసుకువెళ్ళే ఓడ పేరు టాగూరు. గమ్యం చేరకముందే అతను సముద్రంలో కలిసిపోతాడు. కథ కల్పితమే అయినా వెనుక జరిగిన సంగతి నిజం. యుద్ధఖైదీల వ్యవహారం చూసిన తటస్థ దేశాల సంఘానికి మన జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. రెండు కొరియాలూ వద్దన్న కొద్దిమంది ఖైదీలు 1954లో మన దేశానికి వచ్చారు, వారిలో చాలామంది తరువాత దక్షిణ అమెరికాకు వెళ్ళారు. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ పదవి నుంచి దిగిపోయిన 1960 ఏప్రిల్‌కూ, సైన్యం అధికారం పట్టుకున్న 1961 మేకూ మధ్య ఉన్న ఆ ఒక్క సంవత్సరంలో గనుక ఆ నవల వెలుగు చూసింది.

అరసున్న
'గ్వాంగ్జాంగ్' అంటే ఊరి నడుమ ఉండే బహిరంగ స్థలమే కదా, తెలుగులో 'మైదానం' అని పెడితే చలం గారి పాఠకులందరూ పొరపాటున కొంటారు. మా పిన్నికి జరిగినదే వారికీ జరుగుతుంది.

దుబాసీ_పెనుకొండ
పేర్ల ప్రస్తావన వచ్చింది గనుక చెబుతున్నాను. 'హ్యూమన్ యాక్ట్స్' అన్నది ఇంగ్లీషువారు పెట్టిన పేరు. మూలంలో 'సొన్యొని ఒందా', అంటే 'బాలుడు వస్తున్నాడు'. చనిపోయినవాడు ఇంకా వస్తూనే ఉన్నాడని ఆ పేరులోనే ఉన్నది. ఆ పుస్తకంలో బాలుని తల్లి మాట్లాడే అధ్యాయమంతా గ్వాంగ్జూ ఉన్న చొల్లా ప్రాంతపు మాండలికంలో ఉంటుంది. నేను మొదట తెలుగు చేయాలనుకుంటున్నది దాన్నే. ఆమె మాటను ఏ యాసలో పెట్టాలన్నదే తేలడం లేదు.

ఎర్రమట్టి
రాయలసీమ యాసలో పెట్టండి. సియోల్ చాలాకాలం పట్టించుకోని ప్రాంతం చొల్లా, దాని బాధ మాకు వేరే చెప్పనక్కరలేదు.

డల్లాస్_రాత్రి
ఆ లెక్కన శ్రీకాకుళానికి ఎక్కువ హక్కు ఉన్నది.

పాతపుస్తకాలు
ఏ జిల్లా యాస పెట్టినా ఆ జిల్లా రాజకీయం వెంట వస్తుంది, పాఠకుడు గ్వాంగ్జూను మరిచిపోయి మన ఊళ్ళను వెతుక్కుంటాడు. పల్లెటూరి తల్లి మాట అని తెలిసేలా, ఫలానా ఊరిదని తెలియకుండా రాయగలిగితే ఉత్తమం.

మాలతీలత
అలాంటి తెలుగు సినిమాల్లో తప్ప ఎక్కడా లేదు. యాస లేని తల్లి ఉండదు. దుబాసీ గారు తమ అమ్మగారి యాసలో రాయడమే సబబు. తప్పులు తక్కువ దొర్లుతాయి.

సువాన్_శారద
ఆ అధ్యాయం చివరను తెలుగులో ఎలా చేస్తారో చూడాలని ఉన్నది. చిన్నప్పుడు ఆ పిల్లవాడు తల్లి చేయి పట్టుకుని లాగుతూ, చీకటిగా ఉన్న ఈ దారి ఎందుకు, అటు పూలు పూసిన వైపు వెళదాం రమ్మంటాడు. మూలంలో ఆ అధ్యాయం పేరు కూడా అదే, 'పూలు పూసిన వైపుకు'. కృష్ణాతీరం గారు గమనించాలి. నవలంతా అందరూ 'నువ్వు' అని పిలిచిన ఆ పిల్లవాని సొంత మాట చివరకు తల్లి జ్ఞాపకంలో వినిపిస్తుంది.

కృష్ణాతీరం
నిన్న రాత్రి 1985 నాటి అధ్యాయాన్ని మళ్ళీ చదివాను. మొదటిసారి నేను ఆ నాటకం దృశ్యాన్ని రెండు నిమిషాల్లో దాటేశానని ఒప్పుకుంటున్నాను. వారు ఎందుకు మాట్లాడరని అడిగే బదులు ఎవరు మాట్లాడనివ్వలేదని అడిగి ఉండవలసింది. కాని 'కిమ్ జియొంగ్' విషయంలో నా అసంతృప్తి అలాగే ఉన్నది. గణాంకాలూ అధోజ్ఞాపికలూ నిండిన ఆ కథనంలో మనిషి కంటే నివేదిక ఎక్కువగా కనిపించింది.

మాలతీలత
అది డాక్టరు రాసిన నివేదికే కదా. ఆమె ఉన్నట్టుండి తన తల్లి గొంతుతో, చనిపోయిన స్నేహితురాలి గొంతుతో మాట్లాడటం మొదలుపెడుతుంది. సొంత గొంతుతో చెప్పినప్పుడు ఎవరూ వినని మాటలు అప్పుడు అందరూ వింటారు. ఇదంతా అర్థం చేసుకున్నానని రాసిన ఆ డాక్టరే చివరి పుటలో, తన ఆసుపత్రిలో ఈసారి పెళ్ళికాని ఉద్యోగినిని చూసుకోవాలని అనుకుంటాడు. ఆ ఒక్క వాక్యం కోసమే నివేదిక అంత పొడిగా నడిచింది. పొడిగా ఉన్నదని మీరు అనడం రచయిత్రికి మెచ్చుకోలే.

కృష్ణాతీరం
మెచ్చుకోలుగా తీసుకుంటే తీసుకోనివ్వండి, నాకు మాత్రం రెండోసారి చదివే ఓపిక లేదు.

దుబాసీ_పెనుకొండ
తల్లి అధ్యాయం మొదటి రెండు పుటలను మా అమ్మ యాసలోనే మొదలుపెట్టాను. ఇంటిపట్టున చదువుకోవడానికే గనుక హక్కుల గురించి ఎవరూ కంగారు పడవద్దు.

అరసున్న
మా పిన్ని నిన్న ఫోన్ చేసింది. వంటల పుస్తకం కాదని తెలిసినా, డబ్బు పెట్టి కొన్నాను గదా అని చివరిదాకా చదివిందట. చెల్లెలు చెట్టయిపోతానంటున్నది, మొగుడు మొహం చాటేశాడు, ఆ అక్క మాత్రం దుకాణమూ పిల్లవాడూ ఆసుపత్రీ అంటూ తిరుగుతున్నది కదా, మరి ఆ అక్క సంగతి ఎవరు చూసుకుంటారని నన్ను అడిగింది.